సర్దుకుపోవడం ఎవరి వంతు?

సర్దుకుపోవడం గురించి ముస్లింలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బడిలో ప్రార్థన దగ్గర్నుంచి ఆఫీసులో పండగ సెలవు దాకా, అద్దె ఇంటి దగ్గర్నుంచి టిఫిన్ డబ్బా మూత తీయడం దాకా మా బతుకంతా సర్దుబాటే. అయినా పాఠాలు ఆగవు. 'ప్రధాన స్రవంతిలో కలవండి' అంటారొకరు. 'మీరే కాస్త మారాలి' అంటారింకొకరు. లౌకికవాదులైన మిత్రులు సైతం ఈ మాట ప్రేమగానే అంటుంటారు. ప్రేమగా అన్నా, కోపంగా అన్నా అందులో ఉన్న లెక్క ఒకటే. ఇల్లు వాళ్లది. మేం వచ్చినవాళ్లం. వచ్చినవాళ్లు సర్దుకోవాలి.

నేను నిజంగానే ఒక పరాయి దేశానికి వెళ్లి కొన్నేళ్లు బతికాను. 2009 నుంచి 2013 దాకా ఇథియోపియాలో, వొల్లో ప్రాంతంలోని దెస్సీ పట్టణంలో ఫిజిక్స్ పాఠాలు చెప్పుకున్నాను. అక్కడ సర్దుకుపోయాను. ఏడ్చుకుంటూ కాదు, ఇష్టంగానే సర్దుకుపోయాను. మరి అక్కడ పుట్టని మంట ఇక్కడ సర్దుకొమ్మంటే ఎందుకు పుడుతుంది? తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

'సౌదీకో, దుబాయికో పోక ఆ కరువు దేశం ఎందుకు?' అని మా బంధువులంతా అడిగారు. గుంటూరు జిల్లాలో మా ఊరి నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు గల్లీకి ఇద్దరున్నారు. వాళ్ల కథ వాళ్లు చెప్పుకోవాలి గానీ ఒక్క మాట మాత్రం అంటాను. గల్ఫ్‌లో నమాజుకు ఒకే సఫ్‌లో నిలబడతారు, సలాం ఫేరాక ఎవరి దారి వాళ్లది. అక్కడ ముప్ఫై ఏళ్లు చాకిరీ చేసినా మావాడు 'హిందీ'యే. చివరికి అకామా అయిపోతే సామాను కట్టుకోవాల్సిందే. మతం ఒకటైనంత మాత్రాన ఇల్లు ఇల్లవదని మా పేద ముస్లింలకు ఎప్పుడో తెలుసు. 'పాకిస్తాన్ పొండి' అని అరిచేవాళ్లకే తెలియదు.

ఇథియోపియాకు ఇండియా నుంచి పంతుళ్లు వెళ్లడం కొత్త సంగతి కాదు. హైలే సెలాసీ చక్రవర్తి ఏలిన రోజుల్లోనే అక్కడి హైస్కూళ్లలో మన దేశపు టీచర్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఆ తరం చదువుకున్నవాళ్లలో 'మా లెక్కల మాస్టారు ఇండియన్' అని చెప్పేవాళ్లు నాకు చాలామంది తగిలారు. నేను వెళ్లేసరికి ఆ దేశం వరసబెట్టి కొత్త విశ్వవిద్యాలయాలు తెరుస్తోంది. పంతుళ్లు చాలక మళ్లీ మనవైపు చూశారు. తెలుగువాళ్లం కూడా బాగానే పోగయ్యాం.

అదిస్ అబాబా నుంచి దెస్సీ దాదాపు 400 కిలోమీటర్లు. సుమారు 2,500 మీటర్ల ఎత్తున కొండల మధ్య ఉంటుంది. ఆ ఎత్తులో నీళ్లు దాదాపు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఈ సంగతి నేను పిల్లలకు బోర్డు మీద చెబుతుంటే, కందిపప్పు ఉడక్క నా సహచరి ఇంట్లో అదే పాఠం నేర్చుకుంటోంది. చలికి అలవాటు పడ్డాం. మెట్లెక్కితే వచ్చే ఆయాసానికి అలవాటు పడ్డాం. ఇవేవీ పెద్ద కష్టాలు కావు.

కాలమే తిరగబడింది. అక్కడ రోజు పొద్దుతో మొదలవుతుంది. మన ఏడింటిని వాళ్లు ఒంటిగంట అంటారు. మూడింటికి క్లాసు అంటే తొమ్మిదింటికి అని. ఏడాదికి పదమూడు నెలలు. పన్నెండు నెలలకు ముప్ఫయ్యేసి రోజులు, పదమూడోది ఐదారు రోజుల బుల్లి నెల. సెప్టెంబరులో కొత్త సంవత్సరం. లెక్క మనకంటే ఏడెనిమిదేళ్లు వెనక. నేను దిగిన 2009 అక్టోబరు వాళ్లకు 2002. నిజానికి ఉగాది, మొహర్రం, జనవరి ఒకటి, మూడు కొత్త సంవత్సరాల మధ్య పెరిగిన తెలుగు ముస్లింకు నాలుగో క్యాలెండరు ఒక లెక్కా? కానీ బోర్డు మీద ఆ దేశపు తేదీ వేస్తూ 2002 అని రాసినప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. నా ఎదురుగా కూర్చున్న పిల్లలకు అది ఉత్త అంకె. గుజరాత్ సంగతి వాళ్లకేం తెలుసు? వాళ్లకు తెలియకపోవడం నాకు హాయిగా ఉండేది, ఆ మాట కూడా చెప్పాలి.

ఇంకో చిత్రం. అక్కడివాళ్లు 'అవును' అనడానికి ఒక్కోసారి నోరు తెరవరు, ఠక్కున లోపలికి ఊపిరి పీలుస్తారు. మనకు అది ఉలిక్కిపడ్డట్టు ఉంటుంది. 'అర్థమైందా?' అని అడగ్గానే నలభైమంది ఒకేసారి ఊపిరి లోపలికి లాగితే, ఇంత భయపడేంత మాట నేనేమన్నాను అనిపించేది. మనం తల అటూ ఇటూ ఊపి 'సరే' అనడం వాళ్లకు అంతే వింత. అవునంటున్నాడా కాదంటున్నాడా అని గుసగుసలాడుకునేవారు. మెల్లగా నేను ఊపిరి పీల్చడం నేర్చుకున్నాను, వాళ్లు నా తల ఊపు చదవడం నేర్చుకున్నారు. నా తెలుగు యాసలో ఉన్న ఇంగ్లిషుకు వాళ్లు చెవి సరిచేసుకున్నారు. ఎనిమిదో తరగతి దాకా సొంత భాషలో చదివి, ఆ తర్వాత హఠాత్తుగా ఇంగ్లిషులో పడ్డ పల్లెటూరి పిల్లలు వాళ్లు. సర్దుకుపోయింది నేనే అనుకుంటే అది పంతులు గర్వం తప్ప మరోటి కాదు.

అమ్హారిక్ భాష నన్ను తొందరగానే దగ్గరికి తీసుకుంది. సలాం అక్కడ 'సెలామ్'. టీ 'షాయ్'. గంటకు మా అమ్మీ వాడే ఉర్దూ మాట 'సాఅత్' లాంటిదే వాళ్లకూ ఉంది. ప్రాణానికి 'నెఫ్స్', మన నఫ్సే. కాఫీ మూడు విడతలు పోస్తారు. మూడో విడత పేరు 'బెరెకా', అంటే మన బర్కత్. నాలుగు ముక్కలు కూడబలుక్కుని కూరగాయల అంగట్లో బేరమాడితే అమ్మే ఆవిడ నవ్వి 'గోబెజ్!' అనేది. శభాష్ అని. 'ఇంత బాగా ఎలా నేర్చుకున్నావ్?' అని అడిగేది. ఇంటికి వచ్చి ఆ మెప్పు నా సహచరికి పొంగిపోతూ చెప్పుకునేవాణ్ణి.

ఇదే మాట ఇక్కడ నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను. 'మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ! ఎలా నేర్చుకున్నారు?' మా తాతముత్తాతలు కృష్ణా ఒడ్డున ఇదే భాషలో అప్పులు చేశారు, పెళ్లి సంబంధాలు కుదుర్చుకున్నారు, తిట్టుకున్నారు. ఉమర్ అలీషా గారు తెలుగులో పద్యాలు రాసి వందేళ్లు దాటింది. ఏం నేర్చుకోవాలి నేను? ఎవరి దగ్గర? దెస్సీ అంగట్లో ఆ మెప్పు నాకు దక్కిన బహుమతి. గుంటూరులో అదే మెప్పు నా చేతికిచ్చిన వీసా కాగితం. 'నువ్విక్కడి వాడివి కాదు, అయినా ఫర్వాలేదు' అని దాని మీద ముద్ర ఉంటుంది. అనేవాళ్లకు ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు. వినేవాడికి ఆ ముద్ర కనిపిస్తుంది.

నేను చెప్పదలచుకున్న తేడా ఇదే. అతిథికి ఒక నీతి ఉంది. వెళ్లిన ఇంటి పద్ధతి తెలుసుకోవాలి, పెట్టింది తినాలి, గోడల రంగు బాలేదని అనకూడదు. నాలుగు రోజుల్లో పోయేవాడు కాబట్టి అది న్యాయం. పైగా అతనికి తిరిగి పోవడానికి ఇంకో ఇల్లు ఉంది. ఆ ఇల్లు ఉందన్న ధైర్యంతోనే అతను ఇక్కడ సర్దుకోగలుగుతాడు. నేను ఇంజెరా పులుపుకు అలవాటు పడ్డానంటే, మా అమ్మీ చేతి పులుసు నాకోసం ఎక్కడో ఉందన్న భరోసా వెనకనుంది. ఇంట్లో పుట్టినవాణ్ణి పట్టుకుని అదే నీతి పాటించమంటే, అతన్ని అతిథిని చేసినట్టే. తిరిగి పోవడానికి ఇంకో ఇల్లు లేని అతిథిని చేసినట్టు.

దెస్సీలో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు ఆర్థడాక్స్ క్రైస్తవురాలు. అరవై దాటిన మనిషి. పెద్దావిడల్ని అక్కడ గౌరవంగా 'ఎత్యే' అని పిలుస్తారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజున ఆమె మొదటి ప్రశ్నే 'మీరు క్రైస్తవులా, ముస్లింలా?' నా వీపు బిగుసుకుంది. ఆ ప్రశ్న తర్వాత ఏం జరుగుతుందో హైదరాబాదులో టులెట్ బోర్డులు నాకు నేర్పాయి. 'ముస్లింలం' అన్నాను. 'అయితే మీ మాంసం దుకాణం ఆ కింది వీధిలో ఉంది, నాది ఈ వీధిలో' అని చెప్పి తాళం తీసింది.

అక్కడ ముస్లింలు కోసిన మాంసం క్రైస్తవులు తినరు, క్రైస్తవులు కోసింది ముస్లింలు తినరు. దుకాణాలు వేరు. తండ్రి పేరు చెప్పి వాళ్లు కోస్తారు, 'బెస్మె అబ్' అని. మేం బిస్మిల్లా అంటాం. చెవి పెట్టి వింటే రెంటికీ మొదటి మాట ఒకటే. పంది మాంసం ఇద్దరూ ముట్టరు. పెళ్లి జరిగితే రెండు పశువుల్ని కోస్తారు. అవతలి మతం వాళ్ల కోసం ఆ మతం మనిషినే పిలిచి కోయిస్తారు, వాళ్లచేతే వండిస్తారు. ఇక వాళ్ల ఉపవాస దినాలు ఏడాదిలో సగానికి పైనే. బుధ, శుక్రవారాలు, పెద్ద పండక్కి ముందు ఏకబిగిన 55 రోజులు. అప్పుడు మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. పప్పు, శెనగపిండితో చేసే షిరో, ఆకుకూర, పెద్ద ఇంజెరా మీద రంగురంగులుగా వడ్డిస్తారు. ఆ పళ్లెం చుట్టూ ఇద్దరూ కూర్చోవచ్చు. ఎత్యే తన చేత్తో ముద్ద కలిపి నా సహచరి నోట్లో పెట్టేది. 'గుర్షా' అంటారు దాన్ని. ముద్ద ఎంత పెద్దదైతే ప్రేమ అంత పెద్దదట. ఊపిరాడేది కాదు.

నాకు చాలా రోజులు ఇదొక పజిల్. మన దగ్గర శాకాహారం గోడ కడుతుంది. అక్కడ శాకాహారం గోడకు తలుపు పెట్టింది. కూరాకూ పప్పూ అవే. పప్పులో తేడా లేదు కదా!

మరో ఉదాహరణ. ఎత్యే వంటింట్లో మాకోసం ఒక మట్టి గిన్నె విడిగా ఉండేది. విడి గిన్నె అంటే మన దేశంలో ఏమిటో అందరికీ తెలుసు. హోటళ్లలో దళితులకు విడి గ్లాసు పెట్టిన దేశం మనది. కారంచేడు, చుండూరు చూసిన నేల మాది. ఆమె విడి గిన్నె నాకు అవమానంగా ఎందుకు అనిపించలేదు? ఎందుకంటే ఆ గిన్నె నా నియమం కోసం పెట్టింది. తన మాంసం అంటిన గిన్నెలో వండితే నేను తినలేనని ఆమెకు తెలుసు. నా ముట్టు తనకు మైల అని పెట్టింది కాదు. ఆమె ఇంటికి మేమెలా తినమో, మా ఇంట్లో మాంసం ఆమె అలా తినదు. వద్దనే హక్కు రెండు వైపులా సమానం. విడిగా ఉండటంలో తప్పు లేదు. ఎవరి కోసం విడిగా, ఎవరి మాట మీద విడిగా, అవతలివాడు కూడా 'వద్దు' అనగలడా, ఇవి అడగాలి. కలిసి తినడమే సెక్యులరిజం అనుకునే మిత్రులు, బక్రీద్ నాడు బిర్యానీ తిని 'చూశావా, మాకు పట్టింపు లేదు' అనే మిత్రులు, ఈ ముక్క కాస్త ఆలోచించాలి. మీ పట్టింపు లేకపోవడం మంచిదే. మా పట్టింపు కూడా మిగలనివ్వండి.

ఇదంతా విని నా సహచరి నవ్వుతుంది. 'మీకు రోజుకు ఆరు గంటలే పరదేశం. నాకు ఇరవై నాలుగు గంటలు' అనేది అక్కడున్నప్పుడు. నిజమే. నాకు క్లాసు ఉంది, ఇంగ్లిషు ఉంది, 'అస్తమారి' అంటే పంతులు అన్న గౌరవం ఉంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాని నాలుగు గోడలున్నాయి. అయినా నాకంటే ముందు భాష ఆమెకే వచ్చింది. మధ్యాహ్నం ఎత్యే ఇంట్లో పచ్చి కాఫీ గింజలు వేయించి, దంచి, సాంబ్రాణి పొగలో మూడు విడతలు పోసేదాకా రెండు గంటలు పడుతుంది. ఇరుగుపొరుగు ముస్లిం ఆడవాళ్లూ క్రైస్తవ ఆడవాళ్లూ అక్కడే చేరేవారు. కాఫీకి కోత లేదు కదా, ఎవరైనా తాగొచ్చు. మా ఆవిడ అమ్హారిక్ అంతా ఆ పొగలో నేర్చుకున్నదే. నేను పుస్తకం పెట్టుకుని క్రియారూపాలు వల్లె వేస్తుంటే, ఆవిడ అప్పటికే పక్కింటివాళ్ల కోడలి కష్టాలు మాట్లాడుతుండేది.

ఆమె ఇంకో మాట కూడా అంది. 'నాకు పరదేశం అలవాటైంది ఇక్కడ కాదు, మీ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు. ఇది నీ ఇల్లే అమ్మా అన్నారు. ఆ తర్వాత అన్నీ మీ పద్ధతులే' అని. ఇంటిదాన్నని చెప్పి అతిథి నీతి పాటింపజేయడం మా ఇళ్లలోనూ ఉందన్నమాట. మైనారిటీ గురించి రాసే మగవాళ్లం ఈ మాట వినాలి. దీంతో నా వాదన మా గడప దాటి లోపలికి కూడా వస్తుంది. రానీ.

దెస్సీ కాలేజీ హాజరు పట్టీ మీద కూడా కొంత చెప్పాలి. అక్కడ ఇంటిపేర్లు లేవు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, అంతే. నా పేరు ముందున్న 'షేక్'ను ఏ గడిలో వేయాలో తెలియక ఆఫీసు గుమస్తా తల గోక్కున్నాడు. 'ఇది మీ తాత పేరా?' అన్నాడు. ఇక్కడ ఆ ఒక్క మాటతో నా పుట్టుపూర్వోత్తరాలన్నీ తేల్చేస్తారు. అక్కడ దానికి గడే లేదు! అదలా ఉంచితే, వొల్లో పేర్లు ఇంకా చిత్రం. పిల్లాడి పేరు క్రైస్తవం, తాత పేరు మొహమ్మద్. లేదా అమ్మాయి మెడలో సిలువ, తండ్రి పేరు అహ్మద్. ఒకే కుటుంబంలో రెండు మతాలవాళ్లుంటారు. పెళ్లిళ్లూ జరుగుతుంటాయి. హాజరు పిలుస్తూ ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయేవాణ్ణి. కొన్నాళ్లకు పోల్చుకోవాలన్న యావే పోయింది. పేరు చూసి మనిషిని తూచే దేశం నుంచి వెళ్లినవాడికి అదెంత తెరిపి!

మన దగ్గర సెమినార్లలో ఇలాంటివి చెప్పి 'గంగా జమునీ తెహజీబ్' అని చప్పట్లు కొట్టించుకుంటాం. కానీ ఆ పేర్ల వెనక ఇంకో సంగతి ఉంది. దెస్సీకి దగ్గర్లోనే బోరు మేదా అనే చోటుంది. 1878లో నాలుగో యోహానిస్ చక్రవర్తి అక్కడ మత సభ పెట్టించాడు. ఆ తర్వాత వొల్లో ముస్లింలను క్రైస్తవంలోకి మారమని బలవంతం చేశాడు. వొల్లో పాలకుడు మొహమ్మద్ అలీ మిఖాయేల్‌గా మారాడు. మారనివాళ్లు తిరగబడ్డారు, పారిపోయారు. పైకి మారి లోపల మారనివాళ్లు పగలు క్రైస్తవులుగా, రాత్రి ముస్లింలుగా బతికారని చెప్పుకుంటారు. ఆ మిఖాయేల్ కొడుకు ఇయాసు 1913లో తాత సింహాసనానికి వచ్చాడు. ముస్లింలతో దగ్గరగా ఉంటున్నాడని, ఇస్లాం వైపు మొగ్గాడని నింద వేసి 1916లో దించేశారు. అంటే నేను హాజరు పట్టీలో చూసి ముచ్చటపడ్డ ఆ కలగలుపులో కొంత ప్రేమ పెళ్లిళ్లదైతే, కొంత కత్తిది. తరాలు గడిచి కత్తి మరకలు పోయి పేర్లు మిగిలాయి. అక్కడి మనుషులు ఆ మిగిలినదాన్ని చుట్టరికంగా మార్చుకున్నారు. అది వాళ్ల గొప్పతనం, యోహానిస్‌ది కాదు.

దీనికి ముందు ఇంకో కథ ఉంది, అది మాకు చిన్నప్పుడే మసీదులో చెబుతారు. మక్కాలో హింస భరించలేక తొలి ముస్లింలు వలస పోయింది ఈ హబషా దేశానికే. దాదాపు సామాన్య శకం 615లో. అక్కడి క్రైస్తవ రాజు నజాషీ వాళ్లకు చోటిచ్చాడు. ఖురైషులు కానుకలు పంపి అప్పగించమంటే కానుకలు తిప్పికొట్టాడు. మా పెద్దలు ఈ కథను నజాషీ మంచితనంగా చెప్పి ఊరుకుంటారు. నాకు ఇందులో వేరే ముక్క కనిపిస్తుంది. వచ్చినవాళ్లు అతిథులే, శరణార్థులే. అయినా 'మా స్రవంతిలో కలవండి' అని రాజు షరతు పెట్టలేదు. అతిథికే పెట్టని షరతు ఇంటివాడికి పెట్టడం ఏ నీతి?

నేను పూల బాటేం చూపించడం లేదు. అదే దేశంలో అక్సుమ్ పట్టణంలో మసీదు కట్టుకోనివ్వరు. దక్షిణాన కఫా ప్రాంతంలో మంజో అనే జనం ఉన్నారు. వాళ్లతో కలిసి తినరు, గడప తొక్కనివ్వరు. ఆ పద్ధతి మనకు కొత్తగా అనిపించదు. కుమ్మరి, కమ్మరి పని చేసేవాళ్లకు చెడు కన్ను ఉందని దూరం పెట్టే పల్లెలున్నాయి. నేనున్నప్పుడే, 2012లో, తమ మత వ్యవహారాల్లో ప్రభుత్వం వేలు పెట్టొద్దని ముస్లింలు శుక్రవారం శుక్రవారం నిరసనలు చేశారు, నాయకులు జైలుకెళ్లారు. 2020 చివర్లో తిగ్రాయ్ యుద్ధంలో నజాషీ పేరు మీదున్న పాత మసీదే దెబ్బతింది. 2021లో ఆ యుద్ధం దెస్సీ దాకా వచ్చింది. నాకు అక్కడ దొరికిన గౌరవంలో సగం విదేశీ పంతులుకు దక్కిన గౌరవమే. 'హింద్' అనేవారు నన్ను. నా మతానికంటే ముందు నా దేశం పేరు పెట్టి పిలిచిన జనాన్ని జీవితంలో మొదటిసారి అక్కడే చూశాను.

ఆ దేశం ముస్లింల పోరాటంలో ఒక చిన్న మాట ఉంది. నాకది చాలా పెద్ద మాట. 2007 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ముస్లింలు 33.9 శాతం, మూడోవంతు. అయినా రాచరికం ఉన్నంతకాలం వాళ్లను అధికారికంగా 'ఇథియోపియాలో నివసించే ముస్లింలు' అనే పిలిచేవారు. 1955 రాజ్యాంగం ఆర్థడాక్స్ చర్చిని రాజ్య మతం చేసింది. 1974 ఏప్రిల్ 20న అదిస్ అబాబా వీధులు జనంతో నిండిపోయాయి. ముస్లింలతో పాటు క్రైస్తవులూ నడిచారు. మా పండగలకు సెలవివ్వండి, ఉద్యోగాల్లో చోటివ్వండి అన్న కోరికల మధ్య ఇంకోటుంది: మమ్మల్ని 'ఇథియోపియాలో నివసించే ముస్లింలు' అనకండి, 'ఇథియోపియా ముస్లింలు' అనండి. అదే ఏడాది రాజు పడిపోయాడు. రంజాన్, బక్రీద్, మిలాద్ జాతీయ సెలవులయ్యాయి.

ఒక్క విభక్తి కోసం ఊరేగింపు తీశారు వాళ్లు. 'లో' అంటే ఉంటున్నవాడు. 'లో' తీసేస్తే ఆ దేశపువాడు. తెలుగు పేపర్లలో 'భారతదేశంలోని ముస్లింలు' అని చదివినప్పుడల్లా నా చూపు ఆ 'లో' మీద ఆగుతుంది. 'భారతదేశంలోని హిందువులు' అని ఎవరూ రాయరు, మీరు గమనించారో లేదో. 2019లో పౌరసత్వ చట్టం సవరించినప్పుడు కాగితాల డబ్బాలు దించి ముత్తాతల దస్తావేజులు వెతికిన ఇళ్లలో మా ఇల్లు ఒకటి. ఆ డబ్బాలో నా ఇథియోపియా రెసిడెన్స్ కార్డు దొరికింది. గడువు తేదీ ఉంది దాని మీద. పరాయి దేశం కాబట్టి గడువుంది, ఉండాలి కూడా. దాన్ని పక్కన పెట్టి మా తాత పట్టా కోసం వెతుకుతూ కూర్చున్నాను.

హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అని ఒక పేట ఉంది. ఏసీ అంటే చల్లటి గాలి అనుకునేవాళ్లే ఎక్కువ. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాము గుర్రపు దళంలో పనిచేసిన హబ్షీల వారసులు, సిద్దీలు, ఇప్పటికీ అక్కడున్నారు. వాళ్ల పూర్వీకుల్లో బానిసలుగా సముద్రం దాటించబడ్డవాళ్లెందరో. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి 1626లో చనిపోయిన మాలిక్ అంబర్ ఇథియోపియా నుంచి అమ్ముడుపోయి వచ్చినవాడే. తరాల తరబడి దక్కనీ మాట్లాడుతున్న సిద్దీ కుర్రాణ్ణి ఇవాళ రోడ్డు మీద ఆపి 'ఏ దేశం?' అని అడుగుతారు. అడిగేవాళ్లలో మా ముస్లింలు కూడా ఉంటారు. దెస్సీ నుంచి వచ్చాక నేను ఈ సంగతి మావాళ్లకు చెబితే కొందరికి రుచించలేదు.

2013లో మేం తిరిగి వచ్చేటప్పుడు ఎత్యే కాఫీ పెట్టింది. అబోల్, తోనా అయ్యాయి, బెరెకా పోస్తూ మా ఆవిణ్ణి అడిగింది, 'మీ ఊళ్లో పెళ్లిళ్లప్పుడు పక్కింటివాళ్ల కోసం ఎవరు కోస్తారు?' అని. మా పెళ్లిళ్లలో హిందువుల కోసం వేరే వంటవాణ్ణి పెట్టి, వేరే పొయ్యి మీద కూరగాయల భోజనం వండిస్తామని మా ఆవిడ చెప్పింది. ఎత్యే ఠక్కున ఊపిరి పీల్చింది, సరైన పనే అన్నట్టు. 'మరి వాళ్ల పెళ్లిలో మీకు?'

మా ఆవిడ కాసేపు కప్పు తిప్పుతూ కూర్చుంది. పల్లెల్లో పండక్కి మేక కోయాలంటే హిందువులు కూడా ముల్లాను పిలిపించి కోయించేవాళ్లని, వాళ్ల నాన్న చిన్నతనంలో ఆ ముల్లాకు తలకాయో, చర్మమో ఇచ్చేవాళ్లని చెప్పింది. 'ఇప్పుడు?' అంది ఎత్యే. 'కొన్ని ఊళ్లలో ఇప్పటికీ పిలుస్తారు' అంది. తర్వాత, 2022లో కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ప్రచారం నడిచినప్పుడు, టీవీ ముందు కూర్చుని ఆమె నాతో అంది: ఎత్యే మళ్లీ అడిగితే ఈసారి ఏం చెప్పాలి?